గోడపత్రికకు దణ్ణం పెట్టిన రోజులు

గెన్నాదీ స్తెపానొవిచ్ సూపు గిన్నె ముందు కూర్చుని, కుడిచేతి మూడు వేళ్ళూ కలిపి, నుదుటి మీద, పొట్ట మీద, కుడి భుజం మీద, ఎడమ భుజం మీద తాకించుకుని, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది. మర్యాదకైనా దాచుకోలేదు. ఎనభై దాటిన ముసలాయన తిండి ముందు దేవుణ్ణి తలుచుకుంటే నవ్వుతావా అని ఎవరైనా అడగొచ్చు. అడగండి, చెబుతాను. నా చిన్నప్పుడు మా విశాఖపట్నంలో నలభై మంది చదువుకున్న మగవాళ్ళను వారానికోసారి బెంచీల మీద కూర్చోబెట్టి దేవుడు లేడని పాఠం చెప్పి, చెప్పినందుకు జీతమూ భుజాల మీద నక్షత్రాలూ తీసుకున్న మనిషి ఈయన. నోటుపుస్తకంలో దేవుడి పేరు కనబడిందని ఒక మంచి ఇంజనీరును ఆరు రోజుల్లో పెట్టె సర్దించి దేశం దాటించిన మనిషి. ఆ మనిషి ఇప్పుడు బహ్రెయిన్‌లో, అరాద్‌లో, మా బిల్డింగు మూడో అంతస్తులో, పావుగంటకో విమానం నెత్తి మీదుగా దిగుతుంటే, బీట్‌రూట్ సూపుకు ముందు శిలువ గుర్తు వేసుకుంటున్నాడు. నవ్వక ఏం చెయ్యను?

ఆయన మనవరాలు దాషా విమానాల్లో పనిచేస్తుంది. రెండేళ్ళ నుంచి మా పై అంతస్తులో ఉంటోంది. ఒకసారి లిఫ్టులో ఫోను పట్టుకుని వాళ్ళమ్మతో గొడవపడుతుంటే, మీ అమ్మ చెప్పిందే న్యాయంగా ఉంది అని నేను రష్యన్‌లో అన్నాను. పిల్ల అదిరిపడి, తర్వాత నవ్వి, ఆ సాయంత్రమే మా ఇంటికి టీకి వచ్చింది. నాకు ఆ భాష ఎలా వచ్చిందని అడిగితే, మా నాన్న ఓడల యార్డులో రష్యన్ దుబాసీ అనీ, నేను పంతానికి డిగ్రీలో అదే భాష తీసుకున్నాననీ, పట్టా చేతికొచ్చేసరికి ఆ దేశమే లేకుండా పోయిందనీ చెప్పాను. ఊరి పేరు వినగానే, మా తాతయ్య అక్కడ పనిచేశాడు అంది. ఎవరమ్మా మీ తాతయ్య అన్నాను. పేరు చెప్పింది. చేతిలో కప్పు బల్ల మీద పెట్టేశాను. ఈ చలికాలం ఆయన్ని పదిహేను రోజులకు ఇక్కడకు తీసుకొచ్చింది. తను డ్యూటీకి వెళ్ళే రోజుల్లో కాసేపు కూర్చుని మాట్లాడమని నన్ను బతిమాలింది. బతిమాలక్కర్లేదు. నాకు ఆయనతో ఒకే ఒక్క పని ఉంది. ఇంజనీరు అర్కాదీని పంపించేసినప్పుడు మా నాన్న ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. అందులో ఏముందో నాన్న ఏనాడూ చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు. తెలిసిన మనిషి ఈయనొక్కడే మిగిలాడు అనుకున్నాను.

మా ఇల్లు రేవుకు దగ్గర, కొండవాలులో ఉండేది. పొద్దున లేస్తే గాలి వాటాన్ని బట్టి ఎండుచేపల వాసనో, బొగ్గు వాసనో. ఆ రెండిటి మీదా అమ్మ పోపు వాసన. నాన్న గడ్డం గీసుకుంటూ అద్దం ముందు నిలబడి పంపుల మాన్యువల్ పైకి చదివేవాడు, ఒక వాక్యం రష్యన్‌లో, ఒక వాక్యం ఇంగ్లీషులో, నచ్చకపోతే తెలుగులో తిట్టు. సబ్బు నురగ బుగ్గ మీద ఆరిపోయేది గానీ మాట కుదిరేదాకా కత్తి ఆనించేవాడు కాదు. నాన్నకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు, అమ్మతో ఆ విషయంలో వాదన కూడా లేదు. అమ్మకు మాత్రం ఏ కాగితమైనా పైన శ్రీరామ అని లేకపోతే అది కాగితమే కాదు. నా లెక్కల పుస్తకం, పాలవాడి చీటీ, పచారీ జాబితా, పుట్టింటికి రాసే కార్డు, అన్నిటికీ నెత్తిన శ్రీరామ ఉండాల్సిందే. బళ్ళో వేసిన రోజు నుంచీ పక్కన కూర్చుని రాయించింది. ఏడాది తిరిగేసరికి గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు నా చెయ్యి దానంతటదే రాసేది. నేను రాస్తున్నానని నాకే తెలిసేది కాదు.

అప్పట్లో మా ఊరికి రష్యా నుంచి ఓడలు వచ్చాయి, ఓడలతో వాటిని బాగుచేసే ఇంజనీర్లు వచ్చారు, ఇంజనీర్లతో వాళ్ళ మనసుల్ని బాగుచెయ్యడానికి గెన్నాదీ స్తెపానొవిచ్ వచ్చాడు. ఆ పదవిని వాళ్ళ భాషలో జాంపొలిత్ అంటారు. దళానికి నాయకుడు ఒకడుంటే, రాజకీయం చూసే ఉపనాయకుడు ఇంకొకడు. యార్డులో మనవాళ్ళు రాజకీయం బాబు అనేవాళ్ళు. ఆయన జీవితచరిత్ర ఆయన నోటితోనే నాకిప్పుడు రెండుసార్లు వినే భాగ్యం కలిగింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నది ఒడ్డున చిన్న రేవులో పుట్టాడు. బళ్ళో పిల్లల సంఘానికి కార్యదర్శి. అంటే ఎవడు ఎవణ్ణి కొట్టాడో మేష్టారికి చెప్పేవాడన్నమాట. అక్కణ్ణించి నౌకాదళంలో రాజకీయం నేర్పే విద్యాలయం. తర్వాత ఓడ మీద ఓడ. ఓడ నడపడం రాదు, ఇంజను తెలీదు, ఫిరంగి ముట్టుకోలేదు. నావికులకు పొద్దున్నే పేపరు చదివి వినిపించడం, పుట్టినరోజు వస్తే చెయ్యి పట్టుకుని ఊపడం, ఎవడి పెళ్ళాం ఎవడితో పోయిందో కనుక్కుని ఓదార్చడం, ఓదార్చినట్టు పైకి రిపోర్టు రాయడం. సముద్రం మీద పదిహేనేళ్ళు అలా గడిపితే కెప్టెన్ హోదా వచ్చింది. నేను నేర్చుకున్న భాషకు విలువ లేకపోవడం చూశాను గానీ, ఏమీ నేర్చుకోకపోవడానికి అంత విలువ ఉండడం ఆయన దగ్గరే చూశాను.

మా ఊళ్ళో ఆయన పని మంగళవారం పాఠం. ఎర్రగుడ్డ కప్పిన బల్ల, దాని మీద నీళ్ళ కూజా, గోడకు గడ్డాల పెద్దమనుషుల ఫొటోలు, చెమటలు కక్కుతూ ఇంజనీర్లు. పాఠం వింటే సరిపోదు, నోట్సు రాయాలి. నెలకోసారి ఆయన నోటుపుస్తకాలన్నీ తెప్పించుకుని పేజీలు తిరగేసి ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు. రాసింది బుర్రకెక్కిందా అని ఎవరూ అడగరు, పేజీలు నిండాయా అన్నదే ముఖ్యం. కాబట్టి అందరూ ఒకరి పుస్తకం ఒకరు చూసి కాపీ కొట్టేవాళ్ళు. అర్కాదీకి అది కూడా బద్ధకమే. అర్కాదీ పంపుల ఇంజనీరు. ఎండకు టమాటా పండులా ఎర్రబడిపోయిన మనిషి, వేళ్ళకు ఎప్పుడూ గ్రీజు వాసన. స్థానికుల ఇళ్ళకు వాళ్ళు ఒంటరిగా పోకూడదని నియమం ఉన్నా, నాన్నతో కలిసి పంపుల పదకోశం తయారుచెయ్యాలని అనుమతి సంపాదించి ఆదివారం ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఆవకాయ అన్నం తిని కన్నీళ్ళు కారుస్తూ ఇంకొంచెం కావాలని గిన్నె చాపేవాడు. అమ్మ కుట్టుమిషను విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, కొత్తదానిలా చేసి పెట్టాడు. వరలక్ష్మి అనే నా పేరు నోరు తిరక్క వర్యా అని పిలిచేవాడు.

నాన్న నాకు సరదాగా రష్యన్ అక్షరాలు నేర్పాడు. పదేళ్ళ దాన్ని, అచ్చు గుద్దినట్టు గుండ్రంగా రాసేదాన్ని. అది చూసి అర్కాదీ కళ్ళు మెరిశాయి. ఆ ఆదివారం నుంచి నాన్నా ఆయనా వాల్వుల పేర్ల మీద కొట్టుకుంటుంటే, నేను పక్కగదిలో ఆయన స్నేహితుడి పుస్తకం చూసి ఆయన పుస్తకం నింపేదాన్ని. నాన్నకు తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కూలి, ఒక డబ్బా తియ్యటి గట్టిపాలు. శ్రామికవర్గ చైతన్యం గురించి పేజీలు పేజీలు రాశాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. రాయించుకున్నాయనకూ అర్థమై ఉండదు. ఒకసారి పేజీ పైన వేలు పెట్టి, ఈ పువ్వులేమిటి వర్యా అని అడిగాడు. అక్కడ అలాగే రాయాలి అన్నాను. ఓహో అని తలూపాడు. ఆయన తెలుసుకున్నది అంతే. ఇది గుర్తుపెట్టుకోండి, ఆ మనిషి తెలుసుకున్నది అంతే.

నెలాఖరుకు గెన్నాదీ స్తెపానొవిచ్ పుస్తకం తెరిచాడు. ప్రతి పేజీకీ నెత్తిన తెలియని లిపిలో రెండు మూడు వంకరలు. అర్కాదీని అడగలేదు. మా నాన్నను పిలిపించి, ఇదేమిటి సత్యా అన్నాడు. నాన్న పేరు సత్యనారాయణ. రాముడి పేరని చెబితే ఎవరు రాశారన్న ప్రశ్న వస్తుంది, వాళ్ళ దళం పుస్తకం దుబాసీ కూతురి చేతిలోకి ఎలా వెళ్ళిందన్న ప్రశ్న వస్తుంది, ఆ తర్వాత ఉద్యోగం ఉండదు. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, శాంతి అని రాసుంది అన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతూ నవ్వబోయి నవ్వలేకపోయాడు. అమ్మ మాత్రం చాటలో బియ్యం చెరుగుతూ, "తప్పేటి అందులో? రాముడంటే శాంతి కాదేటి మరి?" అంది.

అక్కడితో ఆగిపోతే ఇది ఇంట్లో చెప్పుకుని నవ్వుకునే కథగా మిగిలేది. రాజకీయం బాబుకు ఆనందం పట్టలేదు. సోవియట్ అధికారి ఒకడు స్థానిక ప్రజల భాషలో శాంతి అని ప్రతి పేజీ మీదా రాసుకుంటున్నాడట, ఇంతకు మించిన ప్రజల మధ్య మైత్రి ఏముంటుంది? మరుసటి మంగళవారం నుంచి నలభై మందీ అలాగే రాయాలని ఆజ్ఞ. నోరెత్తి నిజం చెప్పే వేళ దాటిపోయింది కాబట్టి నాన్న నల్లబల్ల మీద ఆ అక్షరాలు రాసి చూపించాల్సొచ్చింది. వాళ్ళు గీసిన శ్రీలు చూడాలి, ఒకడిది కొడవలి, ఒకడిది పీత. అదీ చాలక మెస్సు పక్కన వాళ్ళు వార్తలు చేత్తో రాసి పెట్టే గోడపత్రిక నెత్తి మీద బెత్తెడేసి ఎర్ర అక్షరాలతో శ్రీరామ వెలిసింది. మెస్సులో వంట చేసే అప్పన్న మా వీధివాడే. వాడూ, తోటమాలీ, తుడిచే ఆడవాళ్ళూ ఆ గోడ ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా చెప్పులు విడిచి దణ్ణం పెట్టడం మొదలుపెట్టారు. అమ్మ అడిగితే అప్పన్న, "దేవుడి పేరు అంతంత ఎట్టీసినారు కదమ్మా, దణ్ణం ఎట్టుకోకుండా ఎల్తే కళ్ళు పోవా? ఆ బాబు మంచోడమ్మా, మాం దణ్ణం ఎడతంటే నిలబడి సూసి నవ్వుతాడు," అన్నాడు. నవ్వడమే కాదు, స్థానిక శ్రామికులు మన గోడపత్రికను అపారమైన గౌరవంతో చదువుతున్నారని ఆ బాబు పైకి రిపోర్టు కూడా రాశాడు. నాన్నే ఆ మాట చెప్పాడు, తల పట్టుకుని.

ఆ రిపోర్టే కొంప ముంచింది. ఇంత గౌరవం ఎక్కడిదో చూద్దామని మాస్కో నుంచి తనిఖీ బృందం దిగింది. అందులో తెలుగు చదువుకున్న అమ్మాయి ఒకతె ఉంది. అప్పన్న దణ్ణం పెట్టుకుంటుంటే దగ్గరికొచ్చి, "అయ్యా, మీరు ఈ గోడకు ఎందులకు నమస్కరించుచున్నారు?" అని అడిగిందట. అప్పన్న, "రాములోరు కదా తల్లీ," అన్నాడట. అమ్మాయి తలెత్తి పైకి చదివిందట. ఇదంతా అప్పన్న ఆ మధ్యాహ్నమే మా అరుగు మీద కూర్చుని అమ్మకు చెప్పాడు. చెప్పి, "ఆ బాబు మొకం సున్నం ఏసినట్టైపోనాదమ్మా, నానేటి తప్పు సెప్పినానో తెల్దు," అని దిగాలుపడ్డాడు.

ఆరు రోజులు నాన్న ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. ఆరో రోజు అర్కాదీని వ్యాన్ ఎక్కించారు. మా ఇంటికి రానివ్వలేదు. ఆ రోజు నాన్న వచ్చి నూతి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. నేను రష్యన్ అక్షరాలు దిద్దుకుంటుంటే పెన్సిలు మెల్లగా లాగేసుకుని, ఇంక అది రాయొద్దమ్మా అన్నాడు. అమ్మతో మాట్లాడుతుంటే ఒక్క ముక్క నా చెవిన పడింది, సంతకం పెట్టాను అని. అంతే. నాన్న ఉద్యోగం పోలేదు, రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. కాకపోతే అద్దం ముందు మాన్యువల్ చదవడం మానేశాడు. గడ్డం గబగబా గీసుకునేవాడు. రాజకీయం బాబు ఏడాది ఉండి, ఇంకో నక్షత్రం పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాన్న చేత బలవంతాన అబద్ధం రాయించి, సంతకం పెట్టించి, తన తల కాపాడుకున్నాడని నేను నిర్ణయించేసుకున్నాను. నలభై ఏళ్ళు ఆ నిర్ణయం మీద హాయిగా బతికాను. డిగ్రీలో రష్యన్ తీసుకుంటానని నాన్నతో దెబ్బలాడింది కూడా, ఎప్పటికైనా ఆ మనిషి ఎదురుపడితే తిట్టడానికి మాటలు కావాలనే.

ఇప్పుడు నేను ఇక్కడ ఒక కాంట్రాక్టు కంపెనీలో సిబ్బంది విభాగంలో పనిచేస్తున్నాను. రాజకీయం బాబులు అంతరించిపోయారని ఎవరైనా అంటే మా క్యాంపుకు తీసుకెళ్ళి చూపిస్తాను. ఎర్రగుడ్డ లేదు, కూజా బదులు ప్లాస్టిక్ సీసా, నక్షత్రాల బదులు మెడలో కార్డు. ఆదివారం పొద్దున పనివాళ్ళందరినీ నిలబెట్టి ఒకాయన గంటసేపు సంక్షేమం గురించి చెబుతాడు, నేను తెలుగు చేస్తాను, ఒకడు ఫొటోలు తీస్తాడు. మొన్న వేసవిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన రాజన్న నా పక్కన నిలబడి, "మేడం, ఈన గింతసేపట్నుంచి ఏం జెప్తుండు?" అన్నాడు. ఎండలో నీళ్ళు ఎక్కువ తాగమంటున్నాడు అన్నాను. "గదా ముచ్చట? గంటసేపు ఎండల నిలవెట్టి నీళ్ళు తాగుమంటడా? మరి నీళ్ళేవి?" అన్నాడు. ఈయన ఏమంటున్నాడు అని ఆ పెద్దమనిషి నన్ను అడిగాడు. ధన్యవాదాలు చెబుతున్నాడు అన్నాను. ఇలాంటివి నేను నెలకు నాలుగు చెబుతాను, రాజన్న మేలు కోరే చెబుతున్నాననుకుంటాను. ఒక్క తేడా ఉంది. గెన్నాదీ స్తెపానొవిచ్ తాను చెప్పేది తానే నమ్మేవాడు. మావాడికి అంత ఓపిక కూడా లేదు, ఫోనులో చూసి చదువుతాడు.

సూపు దగ్గరికి వస్తాను. దేశం పోయాక తాను ఏమైందీ ముసలాయన చెప్పుకొచ్చాడు. ఏమవుతాడు? ఒక బ్యాంకులో సిబ్బందికి క్రమశిక్షణ నేర్పాడు, తర్వాత బళ్ళలో పిల్లలకు దేశభక్తి మీద ఉపన్యాసాలిచ్చాడు, ఇప్పుడు వాళ్ళ ఊరి చర్చిలో పెద్దమనిషి. దేవుడు లేడని చెప్పిన గొంతుతోనే ఉన్నాడని చెబుతున్నాడు, మధ్యలో నీళ్ళు తాగినంత విరామం కూడా లేదు. దాషా డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇద్దరమే ఉన్నాం.

"మీ నాన్న మంచి దుబాసీ, వర్యా," అన్నాడు రొట్టె తుంచుకుంటూ. నా పేరు ఈయనకూ నోరు తిరగదు. "ఏ భాషలోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు."

"ఆయన చేత ఆ కాగితంలో ఏం రాయించారు?" అన్నాను.

ఏ కాగితమని అడగలేదు. చెంచా పక్కన పెట్టాడు. "నేను రాయించలేదు. అతనే రాశాడు. ఆ అక్షరాలకు అర్థమేమిటని నన్నెవరూ అడగలేదు, అని. ఒకటే వాక్యం. చక్కటి దస్తూరీ."

"అది అబద్ధం. మీరు అడిగారు. ఆయన శాంతి అని చెప్పాడు."

"చెప్పాడు. నా ఉద్యోగంలో చాలా అబద్ధాలు విన్నాను, అంత అందమైనది ఇంకొకటి వినలేదు." ముసలి కళ్ళు నిజంగానే నవ్వాయి. "మాస్కో వాళ్ళకు ఒక మనిషి కావాలి. నేనున్నాను, మీ నాన్న ఉన్నాడు, అర్కాదీ ఉన్నాడు. మీ నాన్నను కూర్చోబెట్టి అడిగాను. సత్యా, అర్థం నేను నిన్ను అడిగానా, అర్కాదీని అడిగానా, బాగా గుర్తుతెచ్చుకుని చెప్పు అన్నాను. సిగరెట్టు ముట్టించాడు. అది అయిపోయే లోపల చెప్పాడు, అర్కాదీని అడిగారు అని."

"బెదిరించారు."

"లేదమ్మా. టీ ఇచ్చాను."

"అలా అడగడమే బెదిరించడం."

"అలా అడగడమే నా ఉద్యోగం, వర్యా."

"అర్కాదీని అడిగారా మరి?"

"ఏమని?" అన్నాడు, నిజంగా అర్థం కానట్టు. "ఇద్దరం సాక్షులం ఉన్నాం కదా."

నలభై ఏళ్ళుగా కూడబెట్టుకున్న తిట్లు ఉన్నాయి నా దగ్గర. శుద్ధమైన రష్యన్‌లో, వ్యాకరణం సరిచూసుకుని దాచుకున్నవి. ఒక్కటీ బయటికి రాలేదు. ఆ మనిషి మీద జాలి కలిగి కాదు, నాకు అలాంటి జబ్బు లేదు. తిట్టడం మొదలుపెడితే మధ్యలో నాన్న తగులుతాడు. గిన్నె తీసి సింకులో పెట్టి, చేతులు తుడుచుకుని కిందికి దిగి వచ్చేశాను.

ఆ సాయంత్రం విశాఖపట్నానికి ఫోను చేశాను. అమ్మకు ఇప్పుడు ఎనభై దగ్గర, మా చెల్లెలి దగ్గర ఉంటుంది, చెవులు బాగానే ఉన్నాయి. రష్యన్ల రాజకీయం బాబు మా బిల్డింగులో దిగాడని చెప్పాను.

"ఇంకా ఉన్నాడేటి? గట్టివాడే. అన్నం తింటన్నాడా?"

"తింటున్నాడు. అమ్మా, నాన్న అర్కాదీ పేరు చెప్పాడట."

వెనక టీవీ సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. అమ్మ దాని గొంతు తగ్గించింది. "ఔను, చెప్పీసేరు. ఎవరి పేరు చెప్పాలేటి మరి? నీ పేరా? రాసిందానివి నువ్వే కదే."

"నీకు తెలుసా?"

"ఆ రోజే చెప్పేరు నాకు. నేనే చెప్పీమన్నాను అంతకు ముందురోజు. ఉద్యోగం పోతే నిన్ను చదివించేదెవరు?"

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగేవేటి? ఆ రాజకీయం బాబుని తిట్టుకుంటా కూచున్నావు. తిట్టుకోనీయే, అతన్ని తిట్టినంతసేపూ మనల్ని తిట్టదు అనీవోరు మీ నాన్నగారు."

ఫోను పెట్టేశాను. నాన్న సిగరెట్టు అయ్యేలోపల తేల్చుకున్నాడని అసహ్యించుకుందామంటే, ఆ సిగరెట్టు కాలుతున్నంతసేపూ ఆయన ఎవరి గురించి ఆలోచించాడో తెలిసిపోయింది. అలాగని క్షమించేద్దామంటే, క్షమించాల్సింది నేను కాదు. వ్యాన్ ఎక్కిన మనిషి వేరే ఉన్నాడు. ఆ మనిషికి ఒక్కరైనా చెప్పాలి కదా, ఆ అక్షరాలు ఎవరు రాశారో, ఎందుకు రాశారో, శాంతి అని ఎవరన్నారో. అతను ఉంటే అతనికి, లేకపోతే పిల్లలకి.

మర్నాడు దాషా డ్యూటీ నుంచి వచ్చాక పైకి వెళ్ళి జరిగిందంతా చెప్పాను, వాళ్ళ తాత ఎదురుగానే. పిల్ల ఎర్రబడి, ఆయన వైపు ఒకసారి చూసి, వెతుకుదాం అంది. పాత నౌకాదళం వాళ్ళు ఇంటర్నెట్‌లో గుంపులు కట్టుకుని ఉంటారట, ఎవరు ఏ ఓడలో ఏ దేశంలో చేశారో జాబితాలు పెట్టుకుంటారట. "ఇంటిపేరు చెప్పండి చాలు," అంది ఫోను తెరిచి.

వాళ్ళలో పెద్దవాళ్ళను పేరూ తండ్రి పేరూ కలిపి పిలుస్తారు. దగ్గరివాళ్ళయితే ఒట్టి పేరే. ఇంటిపేరు కాగితాల్లో రాసేది. ఎదుటివాళ్ళు కూర్చోకముందే మీ ఇంటిపేరేమిటి అని అడిగే మా అమ్మ కూడా ఆ మనిషికి మూడేళ్ళు అన్నం పెట్టి అర్కాదీ అనే అంది. ముందురోజు ఫోనులోనే నేను అడగనే అడిగాను, మీ నాన్నకి తెలుస్తాది అంది.

"గెన్నాదీ స్తెపానొవిచ్, అర్కాదీని పంపించెయ్యమని పైకి కాగితం రాసింది మీరు. ఇంటిపేరేమిటి?" అన్నాను.

ముసలాయన కిటికీ వైపు చూశాడు. మంగళవారం పాఠాలు ఇప్పటికీ కామాలతో సహా అప్పజెప్పగలడు. మొదటి రోజునే రెండు నాకు వినిపించాడు. పెదవులు కదిలించి, ఆపి, మళ్ళీ కదిలించాడు. "నా కింద వందల మంది ఉండేవాళ్ళు," అన్నాడు.

"పంపుల ఇంజనీరు. మీరు ఇంటికి పంపించిన మనిషి."

"చాలామందిని పంపించాను," అన్నాడు.

దాషా నా వైపు తిరిగింది. వేలు అక్షరాల మీద ఆనించి పట్టుకుని ఉంది.

"అర్కాదీ," అన్నాను.

టైపు చేసింది. "అర్కాదీ తర్వాత?" అంది.